అల్లుడుగారి పథ్యం

ఓడ మెట్లెక్కబోతూ అత్తగారు ఆగిపోయింది. వెనక వరసంతా ఆగిపోయింది. చక్రాల పెట్టె పక్కన పెట్టి కూతురి వైపు తిరిగి, అల్లుడికి వినపడకూడదనుకుంటూనే, అల్లుడితో సహా వరసలో అందరికీ వినపడేలా అంది:

"నా పొట్ట సంగతి ఈ ఓడలో ఒక్కరికి చెప్పావో, ఇటునుంచి ఇటే ఇంటికి పోతాను. ఒట్టెయ్యి."

"చెప్పకపోతే ఏం తింటావమ్మా?"

"అరటిపళ్ళుండవా? ఒట్టెయ్యి ముందు."

"వేసెయ్యమ్మా తల్లీ, ఎండకి మాడిపోతున్నాం" అన్నాడు వెనకాల ఎవరో. కూతురు ఒట్టేసింది. వరస కదిలింది. అల్లుడు మాత్రం తనకేమీ వినపడనట్టు పైన ఎగిరే పక్షుల్ని చూస్తూ నిలబడ్డాడు.

అత్తగారు ఒక పెద్దాసుపత్రి క్యాంటీన్లో వంట చేసి, ఈమధ్యే రిటైరయింది. ఇన్నేళ్ళూ ఊరందరికీ వండిన మనిషికి ఒక్క వారమైనా ఎవరో ఒకరు వండి పెట్టాలని కూతురు పట్టుబట్టి ఈ ఓడ ప్రయాణం ఏర్పాటు చేసింది. కానీ రిటైరయ్యే ముందే ఒక కథ జరిగింది. ఎంత తిన్నా ఒంటికి పట్టక ఏళ్ళ తరబడి ఎండిపోతూ వచ్చిన ఆవిడ, ఒకరోజు కాగుతున్న గంగాళం పక్కనే కళ్ళు తిరిగి పడిపోయింది. ఆసుపత్రి క్యాంటీనే కాబట్టి వంటగదిలోంచి వార్డులోకి మోసుకెళ్ళడం మాత్రం సులువయింది. పరీక్షలన్నీ చేసి డాక్టరు చెప్పాడు, ఆవిడకి గ్లూటెన్ పడదని. గోధుమపిండి, మైదా, రవ్వ, బార్లీ ఏదీ నోట పెట్టకూడదు. బ్రెడ్డు పొడి అంటిన చెంచా కూడా తగలకూడదు. తగిలితే మళ్ళీ పేగు పాడవుతుంది, మళ్ళీ మంచం ఎక్కాలి.

ఆ రోజే కూతురు ఇంట్లోంచి పిండి డబ్బాలన్నీ బయటికి పంపేసింది. వాటితోపాటు బ్రెడ్డూ వెళ్ళిపోయింది. ఆ దెబ్బ అత్తగారికంటే అల్లుడికి ఎక్కువ తగిలింది. అతను లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. మనుషులు లోపల ఇరుక్కుని అరుస్తుంటే బయట నింపాదిగా స్క్రూలు విప్పే రకం. అతని నిబ్బరాన్ని కదిలించగలిగింది లోకంలో ఒక్కటే, వేడి బన్ను. పెళ్ళాం అతన్ని ముద్దుగా 'బన్నుబాబు' అంటుంది, కోపంగా ఉన్నప్పుడు కూడా అదే అంటుంది. ఓడవాళ్ళ రంగుల ప్రకటనలో బన్నులు కొండలా పేర్చిన బల్ల ఒకటుంది. ఆ బొమ్మని అతను దేవుడి పటాన్ని చూసినట్టు చూసుకుంటూ వచ్చాడు.

మరి అత్తగారికి అంత పట్టుదల ఎందుకంటే, ఆవిడ వంటగది లోపలినుంచి వచ్చిన మనిషి. 'ఉప్పు లేకుండా', 'నూనె లేకుండా', 'నాకు వేరేగా' అని కబురొచ్చినప్పుడల్లా లోపల ఏమేం అనుకుంటారో ఆవిడకి తెలుసు. అందరికంటే ఎక్కువ అన్నది ఆవిడే. "మహారాజుగారి పళ్ళెం వచ్చిందర్రోయ్! ఎర్ర తివాచీ పరవండి!" అని గరిటెతో గంగాళం మీద వాయించేది. ఇప్పుడు ఆ పళ్ళెం తనదైపోతే ఎట్లా? ఎక్కడో ఒక వంటగదిలో ఎవరో గరిటెతో వాయిస్తూ తన గురించి అంటారు కదా!

ఇక అల్లుడితో చెప్పుకోవడమనేది మరీ జరగని పని. ఒకే సోఫాలో కూర్చున్నా "టీవీ సౌండు కాస్త తగ్గిస్తారేమో అల్లుడుగారిని అడగవే" అని వంటింట్లో ఉన్న కూతుర్ని కేకేసే మనిషి. అలాంటిది పొట్ట మాట ఎత్తుతుందా?

మొదటి మధ్యాహ్నం ఆవిడ ఒక అరటిపండు తిని "ఆకల్లేదు" అంది. అల్లుడు చూశాడు. సాయంత్రం భోజనాల హాల్లో కూర్చోగానే, గుబురు మీసాల వెయిటరు బన్నుల బుట్ట తెచ్చి బల్ల మధ్యలో పెట్టాడు. పైనున్న గుడ్డ తీస్తే ఆవిరి లేచింది. అల్లుడి చెయ్యి దానంతటదే వెళ్ళి ఒక బన్నుని పట్టుకుంది.

"ఇక్కడెవరికైనా తిండిలో ఏదైనా పడనిదుందా సార్?" అని అడిగాడు మీసాలాయన.

కూతురి నోరు తెరుచుకుంది. ఒట్టు గుర్తొచ్చి మూసుకుంది. అత్తగారు నీళ్ళగ్లాసులో ఏదో పోగొట్టుకున్నట్టు తొంగిచూస్తూ కూర్చుంది.

లిఫ్టులో ఇరుక్కున్నవాళ్ళలో అల్లుడికి బాగా తెలిసిన ఒక రకం ఉంది. నలుగురూ ఏమనుకుంటారోనని అలారం నొక్కకుండా, చెమటలు కక్కుతూ మౌనంగా నిలబడేవాళ్ళు. వాళ్ళకి బయటినుంచే ఎవరో తలుపు తియ్యాలి. అతను చేతిలోని బన్నుని ఒకసారి చూసుకున్నాడు.

"నాకు" అన్నాడు. "గ్లూటెన్ పడదు. పిండి పొడి తగిలినా ప్రమాదం."

మీసాలాయన మొహంలో రంగు మారింది. చంటిపిల్లాడి చేతిలోంచి బ్లేడు తీసుకున్నట్టు మెల్లగా ఆ బన్నుని అతని వేళ్ళలోంచి తీసి బుట్టలో వేశాడు. బుట్ట పట్టుకుపోయాడు. బల్లమీద గుడ్డ మార్పించాడు. తడి కాగితంతో అల్లుడి అయిదు వేళ్ళూ తానే తుడిచాడు. "మా చెల్లెలికీ ఇదే సార్" అన్నాడు. "మీరు భయపడకండి. ఈ ఓడలో ఉన్నన్నాళ్ళూ మీకు నేనున్నాను."

ఆ మాట విని అల్లుడు బన్నుల బుట్ట వెళ్ళిన దారివైపే చూశాడు.

పద్ధతి కూతురు కనిపెట్టింది. మొగుడు ఏ వంటకం తెమ్మంటే తల్లీ అదే తెమ్మనాలి. రెండు పళ్ళేలూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. అతని చేపకి మొక్కజొన్నపిండి పూత, ఆవిడ చేపకి మైదా పూత. వెయిటరు వీపు తిప్పగానే, ఎవరూ చెంచా పెట్టకముందే పళ్ళేలు చోటు మారతాయి.

"మీ పళ్ళెంలో ముక్క పెద్దదిగా ఉంది అత్తయ్యగారూ, మార్చుకుందామా?" అనేవాడు అల్లుడు.

"అల్లుడుగారికి పెద్ద ముక్క కావాలటే" అనేది అత్తగారు కూతురితో, పళ్ళెం జరుపుతూ.

అంతకుమించి ఇద్దరిమధ్యా ఒక్క మాట లేదు. ఆవిడ కడుపునిండా తిన్నది. బుగ్గల మీద కాస్త రంగు తేలింది. సాయంత్రాలు రెయిలింగు పట్టుకుని కూతురితో సముద్రం చూస్తూ, ఎప్పుడో క్యాంటీన్లో పాడుకునే కూనిరాగాలు తీసింది.

కానీ అల్లుడి పని అయిపోయింది. మీసాలాయన అతని ఫోటో తీసి, ఎర్ర సిరాతో చుట్టూ గీత గీసి, ఓడలో తిండి దొరికే ప్రతి బల్ల వెనకా అంటించాడు. ఐస్‌క్రీమ్ కోసం నిలబడితే "సార్, కోన్ వద్దు, కప్పు!" అని మూడు గొంతులు ఒకేసారి అరిచాయి. సూపు దగ్గరికి వెళ్తే ఒకమ్మాయి గరిటె అడ్డంపెట్టింది, అందులో మైదా కలిపారట. ఈతకొలను పక్కన పడుకుంటే, ముక్కూ మొహం తెలియని పెద్దాయన వచ్చి పక్కన కూర్చుని "ఎంతకాలంగా బాబూ ఈ కష్టం?" అని చేయి నిమిరాడు. కొండలా పేర్చిన ఆ బన్నుల బల్ల రోజూ అక్కడే ఉంది. దాని చుట్టూ అయిదడుగుల దూరంలో అతని ఫోటో నాలుగు వైపులా ఉంది.

చివరికి ఒకనాడు టీ వేళ జనంలో దూరి ఒక బన్నుని జేబులో వేశాడు. లిఫ్టులన్నీ తనవే అన్న ధీమాతో సామాన్ల లిఫ్టు ఎక్కి, తలుపు మూసుకుంటుంటే కళ్ళు మూసుకుని వాసన పీల్చాడు. మళ్ళీ కళ్ళు తెరిచేసరికి తలుపు తెరుచుకునుంది. ఎదురుగా బండి తోసుకుంటూ మీసాలాయన.

"సార్... ఆ జేబులో?"

"పక్షులకి."

"నడిసముద్రంలో పక్షులెక్కడివి సార్?"

మీసాలాయన అల్లుడి జేబులోంచి బన్ను తీసి, జేబుని తిరగేసి దులిపి, అతని భుజం మీద చెయ్యివేశాడు. "నాకు తెలుసు సార్. మా చెల్లెలూ ఇంతే. దొంగతనంగా బిస్కెట్లు దాచుకునేది. ఓపిక పట్టండి" అన్నాడు. ఆ ఓదార్పుకి అల్లుడికి నిజంగానే కళ్ళనీళ్ళు తిరిగాయి.

"ఇంకెందుకొచ్చిన బాధ, నిజం చెప్పెయ్యనా?" అంది పెళ్ళాం, కేబిన్‌లో అతని మొహం చూసి.

"ఒట్టేశావుగా. ఆవిడ పాడుతోంది, విన్నావా? ఇంట్లో ఎప్పుడైనా పాడిందా?" అన్నాడు. అని, అరటిపండు ఒలుచుకున్నాడు.

ఆఖరి విందు రానే వచ్చింది. తిండి అంతా సజావుగా చేతులు మారింది. చివర్లో దీపాలు తగ్గించి, వంటగది తలుపులు తెరిచి, తెల్లటోపీ పెట్టుకున్న పెద్ద వంటాయనే స్వయంగా బయటికొచ్చాడు. మనిషి గుమ్మమంత ఉన్నాడు. తిన్నగా వీళ్ళ బల్ల దగ్గరికి వచ్చి అల్లుడి ముందు ఒక పళ్ళెం పెట్టాడు.

"బాదంపిండితో చేశాను సార్, మీ ఒక్కరికోసం. మా ఓవెన్లో ఇలాంటి కేకు ఇదే మొదలు. మీరు తిని ఎలా ఉందో చెబితేగానీ కదలను."

వెనకాల మీసాలాయన ఆడవాళ్ళిద్దరి ముందూ మామూలు కేకు ముక్కలు పెట్టి, ఫోన్ పైకెత్తి ఫోటోకి సిద్ధంగా నిలబడ్డాడు. పళ్ళేలు మార్చే దారి లేదు. అల్లుడు తన కేకుని చూశాడు. పెళ్ళాం మొగుణ్ణి చూసింది.

"మీరూ మొదలుపెట్టండమ్మా" అన్నాడు పెద్ద వంటాయన అత్తగారితో. "వండినవాడు ఎదురుగా నిలబడ్డాడు, మొహమాటం దేనికి?"

ఆవిడకి తెలియని మొహమాటమా అది! వడ్డించిన పళ్ళెం ముట్టకుండా తిరిగొస్తే గంగాళం ముందున్న మనిషికి ఎలా ఉంటుందో ఆవిడకంటే ఎవరికి తెలుసు? ఆవిడ చెయ్యి చెంచా పట్టుకుంది. చెంచా కేకులో దిగింది. మైదా ముక్క చెంచాతోపాటు పైకి లేచింది.

"అమ్మా!" అంది కూతురు.

ఆవిడ ఆగలేదు. వంటాయన మొహంలోకే చూస్తూ చెంచా నోటిదాకా తెచ్చింది. అంతే, అల్లుడు బల్ల మీదుగా వంగి, ఆ చెంచా లాక్కుని నోట్లో పెట్టుకున్నాడు. అది మింగకుండానే పళ్ళెంలోని మిగతా ముక్క మొత్తం చేత్తో ఎత్తి కుక్కుకున్నాడు. రెండు బుగ్గలూ ఉబ్బిపోయాయి. బన్నుకి దగ్గరి చుట్టం! పాపం, ఆ కంగారులో రుచి కూడా తెలియలేదు.

మీసాలాయన చేతిలోంచి ఫోన్ జారిపడింది. "సార్! ఉమ్మెయ్యండి సార్! డాక్టర్!" అని ఓడ దద్దరిల్లేలా అరిచాడు. కొంపలంటుకున్నట్టు జనం లేచారు. ఈతకొలను పెద్దాయన "అయ్యో, విరక్తి పుట్టి ఉంటుంది" అన్నాడు. ఓడ డాక్టరమ్మ సంచీ పట్టుకుని పరుగున వచ్చి, అల్లుణ్ణి చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి, నాడి చూసింది.

"వెంటనే ప్రాణం మీదికేం రాదుగానీ, ఇప్పుడే సెలైన్ పెట్టేస్తాను. ఇక రేపు దిగేదాకా నా గదిలోనే, నా కళ్ళముందే ఉండాలి. చొక్కా చెయ్యి పైకి మడవండి" అంది, సూది తీస్తూ.

సూది చూసి అల్లుడు తెల్లబోయాడు. ఎంతెత్తు నుంచి వేలాడే తాడునైనా పట్టుకుంటాడుగానీ సూదంటే అతనికి చచ్చేంత భయం. పెళ్ళాం వైపు చూశాడు. ఆమె తల్లి వైపు చూసింది. అతను గుటక వేసి, కేకు మింగి, చొక్కా చెయ్యి మడిచాడు. కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

కుర్చీ చప్పుడయింది. అత్తగారు లేచి నిలబడింది.

"ఆ సూది లోపల పెట్టండి" అంది. క్యాంటీన్ చివరిదాకా వినపడే గొంతది. "ఆయనకే జబ్బూ లేదు. రాళ్ళు తిని అరిగించుకోగలరు. గోధుమ పడనిది నాకు. ఈ వేరే వంటంతా తిన్నదీ నేనే."

మీసాలాయన అల్లుణ్ణీ అత్తగారినీ మార్చిమార్చి చూశాడు.

"మరి ముందే చెప్పొచ్చు కదమ్మా?" అన్నాడు పెద్ద వంటాయన.

"నేనూ వంటదాన్నే నాయనా. వేరే వంట అడిగితే లోపల ఏమంటారో నాకు తెలీదా? నిజం చెప్పు. ఏమని తిట్టుకున్నారు?"

వంటాయన టోపీ తీసి చేత్తో నలిపాడు. "అబ్బే, ఏం లేదమ్మా."

"చెప్పు."

"...జమీందారుగారు అన్నాం. జమీందారుగారి చేప, జమీందారుగారి బంగాళాదుంప. మొదటిరోజు కాస్త ఎక్కువే అన్నాం."

"మేం మహారాజు అనేవాళ్ళం" అంది అత్తగారు. "మరి అనుకుంటూ ఎందులో వండారు? అందరి మూకుట్లోనేనా?"

వంటాయన అవమానం జరిగినట్టు నిటారుగా నిలబడ్డాడు. "ఎంతమాట! కొత్త మూకుడు తీశాం. నూనె వేరు, కత్తి వేరు, పీట వేరు. తిట్టుకుంటే తిట్టుకుంటాంగానీ, తినేవాడి ఒంటితో ఆడుకుంటామా?"

అత్తగారికి గరిటెతో గంగాళం వాయించిన రోజులన్నీ గుర్తొచ్చాయో ఏమో. "మేమూ అంతే" అంది. "నోటికొచ్చినట్టు అనేవాళ్ళం. ఉప్పు వద్దన్నవాడి పళ్ళెంలో ఒక్కనాడూ ఉప్పు పడనివ్వలేదు."

కూర్చుని, అల్లుడి ముందున్న బాదం కేకుని తనవైపు లాక్కుని, కొత్త చెంచా అడిగి తీసుకుని తిన్నది. వంటాయన ఊపిరి బిగబట్టి చూశాడు.

"పంచదార ఒక పిసరు తగ్గించు" అంది. "ఇంకో ముక్కుందా?"

కూతురు నోరు వెళ్ళబెట్టింది. తల్లి రెండోసారి వడ్డించమని అడగడం ఆమె పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. ఆ ముక్క వచ్చేలోగా అత్తగారు చక్రాల కుర్చీ వైపు తిరిగింది, మధ్యలో కూతురి సాయం లేకుండా.

"అల్లుడుగారూ, నా పొట్ట మీరు మోసింది చాలు. ఆ చొక్కా చెయ్యి దించుకోండి."

మర్నాడు దిగేముందు ఫలహారానికి వెళ్ళేసరికి, బల్లల వెనక అల్లుడి ఫోటోలు పోయి అత్తగారి ఫోటోలు వెలిశాయి. "కళ్ళజోడు వంకరగా ఉన్నప్పుడు తీశాడు" అని ఆవిడ సణిగింది. అల్లుడు బన్నుల కొండ దగ్గరికి నడిచాడు. అలవాటు కొద్దీ మీసాలాయన చెయ్యి అడ్డం వచ్చింది. తర్వాత గుర్తొచ్చి, మొహం అటు తిప్పుకుని, పట్టకారుతో ఒక బన్ను తీసి అందించాడు. "నేను చూడలేను సార్, అటు వెళ్ళి తినండి" అన్నాడు.

అల్లుడు ఒకటి కాదు, పళ్ళెం నిండా పేర్చుకుని వచ్చి అత్తగారి పక్కన కూర్చోబోయాడు.

"ఆగండాగండి!" అంది ఆవిడ. హాల్లో సగంమంది తలలు తిప్పి చూశారు. ఆవిడ లెక్కచెయ్యలేదు. "నాకు గ్లూటెన్ పడదు. ఆ పొడి నా పళ్ళెంలో పడుతుంది. దూరంగా ఆ బల్ల దగ్గరికెళ్ళి తినండి."

అల్లుడు పళ్ళెం పట్టుకుని, బుద్ధిగా, దూరంగా, కిటికీ పక్కన ఒంటరి బల్ల దగ్గరికి వెళ్ళి కూర్చున్నాడు. మొదటి బన్ను విరిచాడు. ఆవిరి లేచింది.