నాలుగో తాళం చెవి

మా అమ్మాయి ఇల్లు వదిలి వెళ్ళిన రోజు జరిగిన గొడవంతా చివరికి ఒక తాళం చెవి దగ్గరికి వచ్చి ఆగింది. తాళాలు బాగుచేసేవాడి ఇంట్లో గొడవ మరి, ఇంకెక్కడ ఆగుతుంది?

దానికి అప్పటికి పదిహేడు నిండి మూడు నెలలు. పరీక్షలో లెక్కలు తప్పింది. తప్పితే తప్పింది, మళ్ళీ రాయమన్నాను. చచ్చినా రాయనంది. బస్టాండు వెనక జంతువుల ఆసుపత్రి ఒకటుంది, అందులో పనికి చేరతానంది. ఆ పక్క వీధిలోనే స్నేహితురాళ్ళిద్దరు గది తీసుకుని ఉంటున్నారట, తనూ అక్కడే ఉంటుందట.

"కుక్కలకు స్నానాలు చేయించడానికా నిన్ను ఇన్నేళ్ళు బడికి పంపింది?" అన్నాను.

"నువ్వు మాత్రం ఊళ్ళోవాళ్ళ తలుపుల ముందు మోకాళ్ళ మీద కూర్చోవడానికేగా బడికెళ్ళింది?" అంది.

మా అమ్మ కిసుక్కున నవ్వింది. ఆవిడకు వినికిడి సరిగ్గా లేదు. పక్కన నిలబడి పిలిచినా పలకదు. నన్ను ఎవరైనా ఒక మాట అంటే మాత్రం పొల్లుపోకుండా వినపడుతుంది.

దాంతో నాకు తిక్క రేగింది. "పో. పోతే పోయావుగానీ, ఇంటి తాళం చెవి ఆ మేకుకు తగిలించి మరీ పో" అన్నాను. మా గుమ్మం పక్కన గోడకు వరసగా నాలుగు మేకులుంటాయి. మా అమ్మకొకటి, నాకొకటి, మా ఆవిడకొకటి, చివరిది పిల్లది. ఎవరి చెవి వాళ్ళ మేకుకే తగిలించాలి. అది బ్యాగు భుజాన వేసుకుని, చెప్పులు తొడుక్కుని, వాళ్ళమ్మకూ నాయనమ్మకూ చెప్పి, నాకు చెప్పకుండా వెళ్ళిపోయింది. వెళ్ళాక చూస్తే నాలుగో మేకు ఖాళీ.

"మీ మాట ఖాతరు చెయ్యలేదు చూశారా, చెవి పట్టుకెళ్ళిపోయింది" అంది మా ఆవిడ ముక్కు చీదుతూ.

నేను పైకి ఏదో సణిగాను గానీ లోపల నా ప్రాణం కుదుటపడింది. వెనక్కి రాదలుచుకోని మనిషి చెవి దగ్గర ఉంచుకోదు. ఇరవై ఆరేళ్ళుగా ఊరందరి గుమ్మాల ముందూ పడిగాపులు పడి నేను నేర్చుకున్న జ్ఞానమేదైనా ఉంటే అదొక్కటే.

రెండు నెలలు నాతో మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు, నాకు మాత్రం పౌరుషం లేదా? మూడో నెలలో ఒకరోజు పొద్దున పదకొండు గంటలప్పుడు తలుపు తీసుకుని తనే లోపలికి వచ్చింది. ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. నేను దుకాణం నుంచి పరుగెత్తుకొచ్చేసరికి వాళ్ళ నాయనమ్మ మంచం మీద ముడుచుకుని పడుకుంది. పది రోజులుంది. ఆ పది రోజులూ మందులు, గంజి, తడిగుడ్డలు. మా ఆవిడ తాను పనిచేసే బట్టల కొట్టుకు సెలవు పెట్టింది. జ్వరం తగ్గగానే ఎక్కడ ఆపామో సరిగ్గా అక్కడి నుంచే గొడవ మళ్ళీ మొదలైంది, అది మళ్ళీ వెళ్ళిపోయింది. అయితే ఈసారి నాకు కూడా చెప్పి వెళ్ళింది.

ఆ తర్వాత రెండు నెలలు బాగానే గడిచాయని చెప్పాలి. ప్రతి ఆదివారం వచ్చేది. చేతుల నిండా పిల్లి గీరిన చారలు. మూడు కాళ్ళ కుక్క మెట్లెలా ఎక్కుతుందో నడిచి చూపించి వాళ్ళ నాయనమ్మను పడీపడీ నవ్వించేది. "ఒరేయ్, నీ కూతురు పిడుగురా" అనేది మా అమ్మ. ఆవిడ దానికి పెట్టిన పేరే అది, పిడుగు.

ఒక ఆదివారం మా పాత ట్రంకుపెట్టె తాళం తుప్పుపట్టి బిగుసుకుపోతే, నేను నూనె డబ్బా తెచ్చేలోపు జడపిన్నుతో తీసి నా చేతిలో పెట్టింది. బడి వదిలాక చిన్నప్పుడంతా నా దుకాణంలోనే కూర్చునేది. తొమ్మిదేళ్ళకే నా పనిలో సగం దానికి వచ్చు. ఆ రోజుల్లోనే ఒకసారి పక్కింటివాళ్ళు ఊరెళ్ళినప్పుడు వాళ్ళ తలుపు సరదాగా తీసి నాకు చూపించింది. నేను దాన్ని కొట్టింది జీవితంలో ఆ ఒక్కసారే. అరచెయ్యి నా తల మీద పెట్టించి ఒట్టు వేయించుకున్నాను, యజమాని అడగందే ఏ తాళం మీదా చెయ్యి వెయ్యనని. ఆ పూటంతా వెక్కి వెక్కి ఏడ్చింది. ట్రంకుపెట్టె దగ్గర అది గుర్తుచేస్తే, "అమ్మో, ఆ దెబ్బ ఇంకా చుర్రుమంటోంది నాన్నా" అని నవ్వింది.

మరి ఎక్కడ చెడిందంటారా? ఆరో నెలలో. వరసగా మూడు ఆదివారాలు రాలేదు. ఒకసారి డ్యూటీ, ఒకసారి తలనొప్పి, మూడోసారి కారణం కూడా చెప్పలేదు. వాళ్ళమ్మ మోకాలు వాచి గోడ పట్టుకుని నడుస్తోంది, ఇంటి పనీ దుకాణమూ రెండూ నా నెత్తినే పడ్డాయి. అలాంటి పూట ఫోన్ చేసి, "నాన్నా, ఒక వారం పది రోజులు వచ్చి ఉండనా?" అంది. ఎందుకని అడగాలి కదా మనిషన్నవాడు? నేను అడగలేదు. "నీకు బుద్ధి పుట్టినప్పుడు వచ్చి, బుద్ధి పుట్టినప్పుడు పోవడానికి ఇదేమన్నా సత్రమా?" అన్నాను. ఫోన్ పెట్టేసింది. అన్న వెంటనే నాలుక కరుచుకున్నాను. ఆదివారం వస్తుందిగా, అప్పుడు మంచిగా మాట్లాడదాం అనుకున్నాను.

ఆ మర్నాడే మా అమ్మ కూరగాయల కొట్టుకు వెళ్ళి తాళం చెవి ఎక్కడో పారేసుకుంది. చెవి పోయిందంటే తాళం మార్చాల్సిందే. నా దగ్గరికి వచ్చే ప్రతివాడికీ నేను చెప్పేది ఇదే, "దొరుకుతుందిలే" అని గునిసేవాళ్ళను కేకలేస్తాను కూడా. అందుకని ఆ సాయంత్రమే పాత తాళం ఊడదీసి కొత్తది బిగించాను. దానికి సరిపోయే, పళ్ళు కొయ్యని చెవులు దుకాణంలో మూడే ఉన్నాయి. మూడూ కోసి మూడు మేకులకూ తగిలించాను. నాలుగోది సరుకు వచ్చాక కోద్దామనుకున్నాను.

నాలుగో మేకు ఖాళీగానే ఉంది. అది ఆరు నెలలుగా ఖాళీగానే ఉందిగా? రోజూ దాని పక్క నుంచే వెళ్ళాను, రోజూ చూశాను, ఒక్కరోజు కూడా నాకు తట్టలేదు.

ఆ ఆదివారం పిల్ల రాలేదు. ఆ పై ఆదివారమూ రాలేదు. నేను ఫోన్ చేస్తే ఎత్తదు. వాళ్ళమ్మ చేస్తే ఎత్తి, "బాగున్నా, తిన్నా, పనుంది" అని మూడు మాటలు చెప్పి పెట్టేస్తుంది. మా ఆవిడ కుంటుకుంటూ పిల్ల పనిచేసే ఆసుపత్రికి వెళ్ళి చూసి వచ్చింది. చిక్కిపోయిందట. ఇంటికి రావే అంటే, "వద్దులే అమ్మా" అందట, మర్యాదగా, పరాయివాళ్ళతో చెప్పినట్టు.

"అంత పొగరేమిటి దానికి? ఏదో ఒక మాట అన్నాను. కన్నతండ్రిని, ఆ మాత్రం అనకూడదా?" అని ఎగిరాను. నాలుగు నెలలు ఇలాగే ఎగురుతూ ఉన్నాను. పొద్దున లేచి ఎగరడం, దుకాణంలో కూర్చుని కుమలడం, అన్నం ముందు మాట్లాడకుండా తినడం. నిజం చెప్పొద్దూ, విసిగిపోయాను. కోపం కూడా ఒక వయసు దాటాక బరువు పనే. మా అమ్మ టీవీ సౌండు ఇంకా పెంచింది. ఇంట్లో మాటలు తగ్గాయి కదా, ఆవిడకు తోడు అదే.

పదకొండో నెలలో మా ఆవిడ మళ్ళీ ఆసుపత్రికి వెళ్ళి వచ్చి, చేతిసంచీలోంచి ఒక కాగితపు పొట్లం తీసి నా ముందు పెట్టింది.

"మీకిమ్మంది. ఇక దీంతో పని లేదట."

విప్పితే ఇంటి తాళం చెవి.

ఏడాదిగా నేను పట్టుకుని వేళ్ళాడుతున్నది ఆ ఒక్కదాన్నే. నోటికి వచ్చినట్టు తిట్టడానికి సిద్ధమయ్యాను కూడా. కానీ చెవి వేళ్ళ మధ్యకు వస్తే పళ్ళు తడిమి చూడటం నాకు అలవాటు. ఒకటో పన్ను లోతు, రెండోది మెరక, మూడూ నాలుగూ సమానం. నేను కోసిందే. కానీ ఇప్పుడు తలుపుకున్న తాళానిది కాదు.

కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుగులో చూశాను. రోజూ వాడిన ఇత్తడి నున్నగా అరుగుతుంది. దీని పళ్ళ అంచుల మీద మాత్రం పచ్చిగీతలున్నాయి. తనది కాని తాళంలో చెవిని దూర్చి, పడక, తీసి, మళ్ళీ దూర్చి, బలం కొద్దీ తిప్పితే పడే గీతలవి. మెడ దగ్గర కాస్త వంగి కూడా ఉంది.

"వచ్చిందే" అన్నాను.

"ఎవరండీ?"

"పిల్ల. తాళం మార్చాక వచ్చింది. తలుపు తియ్యబోయింది. పడలేదు."

మా ఆవిడ మోకాలి నొప్పి కూడా మరిచిపోయి దభాలున నేల మీద కూర్చుంది. "మీరు నాలుగోది కొయ్యలేదా? కోసి ఇచ్చేశారనుకున్నానే నేను!" అంది. ఆ పైన ఒక్క మాట అనలేదు. నాలుగు తిట్టినా బాగుండేది.

మర్నాడు పొద్దున దుకాణంలో పాత తాళాలు పడేసే రేకు డబ్బా నేల మీద బోర్లించి, మా ఇంటి పాత తాళాన్ని వెతికి పట్టుకున్నాను. ఇంటికి తెచ్చి, కొత్తది ఊడదీసి దాన్నే మళ్ళీ బిగించాను. వంగిన చెవితో తిప్పి చూశాను. కొంచెం మొరాయించి తిరిగింది. "ఒరేయ్, అప్పుడు నేను పారేసింది దాని చెవేగా? ఎవడికైనా దొరికితే?" అంది మా అమ్మ. "దొరకనీవే" అన్నాను. ఇరవై ఆరేళ్ళలో ఏ ఇంటికీ నేను చెయ్యని పని అది.

ఆసుపత్రికి వెళ్ళేసరికి పన్నెండైంది. వెనక వరండాలో పిల్ల కింద కూర్చుని, ఒళ్ళో ఒక కుక్కను పెట్టుకుని దాని కాలికి కట్టు కడుతోంది. వాళ్ళమ్మ చెప్పింది నిజమే, బాగా చిక్కిపోయింది. నన్ను చూసి లేవలేదు. నేనే పక్కన నేల మీద కూలబడ్డాను. మా అమ్మ చెవి పారేసిందీ, నేను తాళం మార్చిందీ, నాలుగోది కొయ్యడం మరిచిపోయిందీ అన్నీ చెప్పాను. చెబుతుంటే నాకే సిగ్గేసింది. ఇంకెవరైనా చెబితే నేను నమ్మేవాణ్ణి కాదు.

అది కట్టు కట్టడం ఆపలేదు. "మా గది ఖాళీ చెయ్యమన్నారు నాన్నా" అంది. "నువ్వు సత్రమా అన్నాక కూడా, నీ కోపం నాకు తెలుసుగా అని బ్యాగు సర్దుకుని వచ్చేశా. చెవి పడలేదు. తలుపు కొట్టా. లోపల టీవీ మోగుతోంది. గంటసేపు కొట్టా. నాయనమ్మకు వినపడదని నాకు తట్టనేలేదు. అందరూ లోపలే ఉండి తియ్యట్లేదనుకున్నా. వెనక్కొచ్చి ఇక్కడ మందుల గదిలో పదిహేను రోజులు పడుకున్నా."

నాకు కళ్ళు చెమర్చాయి. దాచుకోవడానికి కూడా ఓపిక లేదు. "మీ అమ్మను డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళిన పూట అయ్యుంటుందే, ఇంట్లో నాయనమ్మ ఒక్కతే. అయినా ఆ రకం తాళం నీకొక లెక్కా? జడపిన్నుంటే రెండు నిమిషాల పని. తీసుకుని లోపలికి వచ్చి నన్ను నిలబెట్టి కడిగెయ్యకపోయావా?"

అది మొదటిసారి తలెత్తి నా మొహంలోకి చూసింది.

"యజమాని అడగందే తాళం మీద చెయ్యి వెయ్యనని ఒట్టు వేయించుకున్నావుగా నాన్నా."

కుక్క నా చెయ్యి వాసన చూసి తల వాల్చింది.

"ఆ ఇంటికి నువ్వు యజమానివి కాదని ఎవరన్నారే?" అన్నాను.

"నువ్వే."

నేనే మరి. తిక్కలో అన్నానని చెప్పబోయి ఊరుకున్నాను. అనడమైతే అన్నాను కదా. జేబులోంచి చెవి తీసి అరచేతిలో పెట్టుకుని చాచాను. "పాత తాళం పెట్టి వచ్చాను. ఇదే పడుతుంది" అన్నాను.

అది వెంటనే తీసుకోలేదు. కట్టు ముడి వేసి, మిగిలిన గుడ్డ కత్తిరించి, కత్తెర పక్కన పెట్టింది. తర్వాత చెవి తీసుకుని వెలుగుకు పెట్టి, నేను చూసినట్టే ఒక కన్ను మూసి చూసింది.

"వంగింది."

"ఇటివ్వు, సరిచేసిస్తా."

"వద్దు. ఇత్తడి, మళ్ళీ వంచితే విరుగుతుంది" అంది. నేను చెప్పిన పాఠమే. "ఆదివారం డ్యూటీ ఉంది. సోమవారం వస్తా. ఉండటానికి కాదు, చూసి పోవడానికి."

"సరే" అన్నాను. అది చెవి జేబులో వేసుకుని, కుక్కను నా ఒళ్ళోకి జరిపి, సూదిమందు వెయ్యాలి, కదలకుండా పట్టుకోమంది.