పెద్ద మామాకు లండన్ చూపించిన దినం

ఎనభై ఒకటో సంవత్సరం ఆగస్టులో నన్ను పనికి పెట్టుకున్న కఫీల్ ఇంటిల్లిపాదీ లండన్‌కు పోయిరి. కువైట్‌లో బ్నీద్ అల్ గార్ పేటలోని అంత పెద్ద ఇంట్లో మిగిలింది ఇద్దరమే. ఆడ ఇంటి యజమానురాలిని మామా అంటారు. ఆ మామా వాళ్ళత్త, పనిమనిషి చిన్నక్కను నేను. ఆ ముసలామెను పెద్ద మామా అని పిలుస్తాంటి. గుండెజబ్బు మనిషి, ఇమానం ఎక్కగూడదని డాక్టరు చెప్పినాడంట. పోయేవాళ్ళు ఒక మాట చెప్పి పోవల్నా లేదా? ఆమె నిద్రపోతాంటే దొంగల మాదిరి జారుకునిరి. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆమె లేచి సంగతి తెలుసుకునింది. అంతే, రెండు దినాలు మెతుకు ముట్టల్యా. డాక్టరు వచ్చి, రేపటికి తినకపోతే ఆస్పత్రిలో ముక్కుకు గొట్టమేస్తామని చెప్పిపాయ. "ఆస్పత్రికి పోతే నేను మల్లా రాను, చిన్నక్కా" అని ఆమె నా చెయ్యి పట్టుకునింది. ఆమెది అరబ్బీ, నాది వచ్చీరాని అరబ్బీ. మీకు మన మాటల్లో చెప్తాండా.

"ఏం చేస్తే తింటావు తల్లీ?"

"లండన్‌లో తింటా."

ఓయమ్మో! మొగుడు బతికుండంగా ఒకసారి పోయొచ్చింది గదా, ఆ కథ వచ్చినోళ్ళందరికీ చెప్పేది. నేను చూసిందల్లా రాయచోటి, కడప, ఈ ఇల్లు. అయినా మొండికేస్తి. "యల్లా, పోదాం పా" అంటి.

ఏసీ గట్టిగా పెట్టి, ఆమెకు శాలువా కప్పి, చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి తోస్తి. ఆమె కండ్లల్లో పొరలు, ఎలుగూ నీడా తప్ప ఏమీ ఆనదు. హాల్లో గడియారం కింద ఆపి, "ఇదో, పెద్ద గడియారం, మేఘాల్లోకి పోయింది" అంటి. స్నానాల గదిలో కొళాయి తిప్పి, "ఇది ఏరు. నీళ్ళు మోకాలి లోతే. బర్రెలు దాటుకుంటాండాయి. ఆడోళ్ళు ఇసకలో చెలమ తీస్తాండారు" అంటి.

"లండన్‌లో బర్రెలా?"

"ఎండాకాలం గదమ్మా, తోలుకొచ్చినారు."

ఆమె పెదాలు కదిలె. నాకు హుషారొచ్చేసింది. చెప్తా చెప్తా ఉంటే నాకే కనపడబట్టె. గోడలు లేవు, మంచులో దీపాలు ఎలుగుతాండాయి, మేమిద్దరం తేలిపోతాండాం. కువైట్ ఎండ యాడికి పోయిందో ఏమో!

"ఇంగ రాణిగారి కోట" అని బండిని వంటింటి ఎనక వాకిలి కాడికి తోస్తి. నా కాళ్ళే అటు పాయ. ఏ పెద్దింటికైనా నేను పోయే తోవ అదే గదా. చెప్పులిడిచి నిలబడితి.

"ఏంది ఆపినావు?"

"చెప్పులిడిచినా. పనోళ్ళు ఈ పక్క నుంచే పోవల్ల."

ఆమె కయ్యిమనింది. "నేను ఎనక వాకిట్లో పోవల్నా? తిప్పు బండి! ముందు నుంచి పోదాం. నువ్వూ చెప్పులేసుకో!"

తిప్పుకొచ్చి, మగోళ్ళు కూర్చునే దివానియాలోకి తోస్తి. నేను ఊడ్చేదానికి తప్ప అడుగుపెట్టని గది అది. ఆమె నన్ను మెత్తల మింద పక్కనే కూర్చోబెట్టుకునింది. శాలువా సర్దుకుని చెప్పింది.

"నేను లండన్‌లో చూసింది ఆస్పత్రి కిటికీ ఒకటే, చిన్నక్కా. నెల దినాలు ఆయన మంచం పక్కనే ఉంటి. ఆయన్ను పెట్టెలో పెట్టుకొని వస్తి. మిగతాదంతా నోటికొచ్చినట్టు చెప్పుకున్నా. ఈ దినం చూసినా."

పులుసులో నానేసిన రొట్టె తెచ్చి నోటికందిస్తే, తట్టంతా తినింది. నా సంతోషం పట్టపగ్గాల్లేకుండా పాయ.

మూతి తుడిపించుకుని, "రేపు మీ ఊరికి తీసకపో, ఆడ తింటా" అనింది.

"ఓ, దాందేముంది!"

"మనం పోతానే ముందర ఎవురు ఎదురొస్తారు?"

"నా బిడ్డ" అంటి.

"ఎట్లుంటాది? చెప్పు."

పాలు తాగే బిడ్డను మా అమ్మ చేతిలో పెట్టి వస్తి. నాలుగేండ్లాయ. పొడుగైందో, నల్లబడిందో, నన్ను చూస్తే దగ్గరికొస్తాదో జడుసుకుంటాదో నాకేం తెలుసు? చూడని లండన్‌ను గలగలా చెప్పినదాన్ని, కన్నబిడ్డ మొగం చెప్పమంటే ఖాళీ తట్ట పట్టుకొని వంటింట్లోకి జారుకుంటి.