పీర్లచావిడి రంగు

షహీన్ ఆ ఆఫీసులో అడుగుపెట్టిన రోజే ఒక అబద్ధం ఆడింది. పెద్ద అబద్ధమేం కాదు. "మీది ఏ ఊరమ్మా?" అని జయశ్రీ మేడం అడిగితే "హిందూపురమే మేడం" అంది. చిన్నమ్మ ఇంట్లో ఉండి హిందూపురం హైస్కూల్లో చదువుకుంటోంది కాబట్టి అది పూర్తిగా అబద్ధం కూడా కాదని తనకు తానే సర్ది చెప్పుకుంది. కానీ రొద్దం పక్కన తనకో పల్లె ఉందని, ఆ పల్లెలో ఒక నాయన ఉన్నాడని, ఆయన మల్బరీ ఆకు పండించి పట్టుపురుగులు మేపుతాడని చెప్పడానికి ఆ పిల్లకు నోరు పెగల్లేదు.

ఆ ఆఫీసు చూస్తే ఎవరికైనా అంతే. అది రెండువేల ఏడో సంవత్సరం వేసవి. బెంగుళూరు టెక్నాలజీ కంపెనీ ఒకటి హిందూపురంలో మేడ మీద ఏసీ గది తీసుకుని, వరసగా కంప్యూటర్లు పెట్టింది. బోరు మోటార్లు, స్టార్టర్లు కొన్న రైతులు, ఏదైనా చెడిపోతే ఫోన్ చేస్తారు. ఇక్కడ కుర్రాళ్ళు తలకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, వాళ్ళ గోడు విని కంప్యూటర్లోకి ఎక్కిస్తారు. తెలుగూ కన్నడమూ రెండూ గడగడా మాట్లాడేవాళ్ళు ఇంత చవగ్గా ఇంకెక్కడ దొరుకుతారు చెప్పండి? హైస్కూలు నుంచి బాగా చదివే పిల్లల్ని కూడా సెలవుల్లో పంపించమని అడిగారు. దానికి ఇంటర్న్‌షిప్ అని పేరు. తొమ్మిదో తరగతి ముగించిన షహీన్‌కు ఆ అవకాశం వచ్చిందని చిన్నమ్మ వీధి వీధంతా చెప్పుకుంది.

పని కష్టమైందేం కాదు. రికార్డయిన కాల్స్ విని, మాట్లాడినవాళ్ళ పేరు, ఊరు, కష్టం టైపు చేయాలి. దాంతోపాటు మాట తీరు నేర్చుకోవాలి. జయశ్రీ మేడం తెల్లబోర్డు మీద యాడ, ఈడ, ఉండాది అని రాసి, వాటిమీద ఎర్ర పెన్నుతో అడ్డంగా కొట్టి, పక్కన ఎక్కడ, ఇక్కడ, ఉంది అని రాసింది. అందరికంటే ముందు నేర్చుకున్నది షహీనే. వారం తిరిగేసరికి ఆ పిల్ల నోట్లోంచి రొద్దం మూటాముల్లె సర్దుకుని వెళ్ళిపోయింది. "ఏమే, టీవీలో వార్తలు చదివేదాని మాదిరి మాట్లాడతాండావు!" అని చిన్నమ్మ ఎగతాళి చేస్తే షహీన్ దాన్ని మెచ్చుకోలుగానే తీసుకుంది.

శుక్రవారం మధ్యాహ్నం అందరినీ ఒకచోట కూర్చోబెట్టి, ఆ వారం వచ్చిన కాల్స్‌లో ఒకటి రెండు స్పీకర్లో వినిపించడం ఆఫీసు అలవాటు. కష్టమైన కస్టమర్‌తో ఎలా మాట్లాడాలో నేర్పడానికట. ఆ శుక్రవారం జయశ్రీ మేడం ముందే నవ్వు ఆపుకుంటూ వచ్చింది. "ఇది మన దీపక్ తీసుకున్న కాల్. ఓపిక అంటే ఏమిటో వినండి" అని మౌస్ నొక్కింది. దీపక్ కుర్చీలో వెనక్కి వాలి కాలరు సర్దుకున్నాడు.

స్పీకర్లో ముందు ఒక దగ్గు వినిపించింది. ఆ దగ్గును షహీన్ వెంటనే గుర్తుపట్టింది. పేరు చెప్పనక్కర్లేదు, ఊరు చెప్పనక్కర్లేదు. ఫోను పట్టుకుంటే చాలు, ముందు అట్లా దగ్గి గొంతు సవరించుకునేది లోకంలో ఒక్కడే.

"నమస్తే సార్. నేను హుస్సేన్ మాట్లాడేది. రొద్దం పక్క సార్. మీ స్టార్టరు డబ్బా కాలిపోయింది. కొత్తదే సార్, పొగొచ్చింది. నీళ్ళు ల్యాక తోట ఎండిపోతాండాది. ఇంట్లో పురుగులు నాలుగో జ్వరం లేచినాయి సార్, ఇప్పుడు మేత ల్యాకపోతే అన్నీ సచ్చిపోతాయి."

"పురుగులకు జ్వరమా!" అని వెనక వరసలో ఎవరో అన్నారు. గది గొల్లుమంది.

పట్టుపురుగులు మేపేవాళ్ళెవరికైనా ఆ మాట తెలుసు. పురుగు మేత మానేసి, పాత చర్మం విడిచేదాన్ని జ్వరం అంటారు. నాలుగో జ్వరం లేచాక అది రాత్రీ పగలూ తింటుంది, అప్పుడు ఆకు అందకపోతే గూడు కట్టదు, అంతవరకూ పడ్డ పాటంతా మట్టిపాలవుతుంది. షహీన్‌కు ఇదంతా పలక పట్టకముందే తెలుసు. ఒక్క మాట చెబితే చాలు. చెప్పలేదు.

స్పీకర్లో దీపక్ గొంతు తేనె పూసినట్టు ఉంది. "జ్వరం సంగతి మేము చూడలేమండీ. డబ్బా పక్కన తెల్ల రేకు ఉంటుంది. దాని మీద నంబరు చెప్పండి, కంప్లైంట్ ఎక్కిస్తాను."

"తెల్ల రేకు కనపడదు సార్. రంగు కొట్టేసినాము."

"రంగా? స్టార్టరుకా? ఎందుకండీ?"

"పీర్లసావిడి రంగు సార్. పండగకు సావిడికి కొట్టంగా మిగిలిండేది పారబోయకూడదు. ఇంట్లోకి ఏదన్నా కొత్త సామాను వచ్చింటే దానికి ఒక చెయ్యి వేస్తాము. మంచిదని."

ఇక గదిలో ఎవరూ ఎవరినీ ఆపలేకపోయారు. ఒకమ్మాయి టేబుల్ మీద తల పెట్టి నవ్వింది. ఆ నవ్వులో కూడా దీపక్ అడిగిన మాట షహీన్‌కు స్పష్టంగా వినిపించింది. "మరి నంబరు మీద కూడానా? ఎవరు చేశారండీ ఆ పని?"

నాయన మళ్ళీ ఒకసారి దగ్గి గొంతు సవరించుకున్నాడు.

"నేనే సార్. బుద్ధి తక్కువై నేనే కొట్టినా."

అది నిజం కాదని షహీన్‌కు తెలుసు. ఆ రంగు కొట్టింది తను. మొహర్రం సెలవులకు ఊరికి పోయినప్పుడు, కుంచె పట్టుకుని, ఆకుపచ్చ రంగుతో డబ్బానంతా మెరిపించింది తను. "ఆ రేకు ఇడిసిపెట్టు పాపా, దాంట్లో ఏందో రాసిండారు" అని నాయన అంటే, "బొల్లి మచ్చ మాదిరి కనపడతాది నాయనా" అని దాని మీద రెండు సార్లు పూసిందీ తనే.

అప్పుడు షహీన్ నవ్వింది. అందరికంటే కొంచెం ఆలస్యంగా, అందరికంటే కొంచెం గట్టిగా. నవ్వకపోతే ఎవరైనా తన ముఖం చూస్తారని భయం. ఏ భయమైతేనేం, నవ్వు నవ్వే కదా.

దీపక్ ఆమె వైపు తిరిగాడు. "షహీన్, నీకు తెలుసా ఈ రంగు సంగతి? మీ ఇళ్ళల్లో కూడా ఇలా వేస్తారా?"

"మా ఇళ్ళల్లో ఇలాంటివి లేవు" అంది షహీన్. మాట ఎక్కడా తడబడలేదు. జయశ్రీ మేడం నేర్పినట్టే ప్రతి అక్షరం కడిగి ఆరేసినట్టు వచ్చింది. "పల్లెటూరి వాళ్ళు వేస్తారేమో."

"నంబరు లేకపోతే కంప్లైంట్ ఎక్కదు" అని మేడం పాఠం ముగించింది. "అది కంపెనీ రూలు. విసుక్కోకుండా, మర్యాదగా చెప్పి పెట్టేయాలి. దీపక్ చక్కగా చేశాడు." అందరూ చప్పట్లు కొట్టారు. షహీన్ చేతులు కూడా కలిశాయి. తర్వాత సీటుకు పోయి ఇంకెవరిదో ఊరు, ఇంకెవరిదో మోటారు టైపు చేస్తూ కూర్చుంది. మేడం గది తలుపు తెరిచే ఉంది. లేచి వెళ్ళి, అది మా నాయన గొంతు మేడం అని చెప్పడానికి నాలుగడుగులు. ఆ సాయంత్రం దాకా ఆ పిల్ల ఆ నాలుగడుగులు వేయలేకపోయింది. తన మీద తనకే అసహ్యం పుట్టింది, అయినా లేవలేదు.

శనివారం చిన్నమ్మకు ఏదో చెప్పి బస్సెక్కింది. ఇంటికి చేరేసరికి నాయన పురుగుల గదిలో ఉన్నాడు. ఆ గదిలో నాలుగో జ్వరం తర్వాత వాన కురిసినట్టు మేత నమిలే చప్పుడు ఉండాలి. చప్పుడు లేదు. పురుగులు తలలు పైకెత్తి గాల్లో ఆకు కోసం వెతుకుతున్నాయి. నాయన వాడిపోయిన ఆకును తడిగుడ్డలో చుట్టి, పిడికెడు పిడికెడుగా, ఏ తట్టకూ అన్యాయం జరక్కుండా చల్లుతున్నాడు.

కూతుర్ని చూడగానే ఆయన ముఖం విప్పారింది. "వచ్చినావా పాపా! ఆఫీసు పని ఎట్లుండాది? ఈడ ఈ డబ్బా కాలిపోయి అంతా అగసాట్లుగుండాది లే. అంగడి సౌడక్క తన తోటలో ఇంత ఆకు ఇస్తాంది, దాంతో నెట్టుకొస్తాండా."

"కంపెనీకి ఫోన్ చేసినావా నాయనా?" అని అడిగింది షహీన్. ఆ ఫోన్ పోయేది కూతురి ఆఫీసుకేనని ఆయనకు తెలీదు. తెలిసి అడగడం ఎంత నీచమో అడుగుతూనే తెలిసింది.

"చేసినా. నంబరు ల్యాకుండా కుదరదన్నారు. చాకుతో గీకితే అంకెలు కూడా పోతాయని భయపడి ఇడిసిపెట్టినా. కానీ పాపా, ఆ ఫోన్లో సారు శానా మర్యాదస్తుడు. నేను పల్లెటూరోన్ని, మాట్లాడేది రాదు, నగుతారేమో అనుకుంటి. ఒక్కసారన్నా నగలేదు."

షహీన్ అక్కడ నిలబడలేకపోయింది. చాకు తీసుకుని తోటలోకి పరిగెత్తింది. అంకెలు రేకులోకి గుద్ది ఉంటాయి, ఎంత గీకినా పోవు. ఆ సంగతి మొదటి వారంలోనే ఆఫీసులో చూపించారు. ఈ ఒక్క మాట నాయనకు దీపక్ చెప్పి ఉండొచ్చు. శుక్రవారం అందరి ముందూ తను గుర్తు చేసి ఉండొచ్చు. ఆకుపచ్చ రంగు పెచ్చులు పెచ్చులుగా ఊడి చేతి మీద, లంగా మీద పడింది. తను రెండు సార్లు పూసిన చోటే గట్టిగా పట్టుకుని ఉంది. ఏడుస్తూ గీకింది, గీకుతూ ఏడ్చింది, అంకెలు బయటికి వచ్చాక అరచేతిలో రాసుకుంది.

తెల్లవారి ఆదివారం. ఊళ్ళో ఫోనున్నది చౌడక్క అంగట్లోనే. నాయన కూడా వెంట వచ్చాడు, ఎట్లా మాట్లాడుతుందో చూద్దామని, కొంచెం గర్వంగానే. షహీన్ నంబరు నొక్కింది. ఆదివారం డ్యూటీ ఎవరిదో ఆమెకు తెలుసు.

"నమస్కారం, చెప్పండి, నేను దీపక్‌ని."

నేర్చుకున్న మాటలన్నీ నాలుక చివరికి వచ్చి వరసగా నిలబడ్డాయి. ఆ గొంతుతో, ఏదో ఒక పేరు చెప్పి, నంబరు చదివేసి పెట్టేయొచ్చు. పని అయిపోతుంది, ఎవరికీ తెలియదు. షహీన్ ఒకసారి నాయన వైపు చూసింది. ఆయన చౌడక్కతో సైగ చేస్తున్నాడు, మా పాప మాట్లాడుతోంది, చప్పుడు చేయొద్దని.

"నేను షహీన్ మాట్లాడేది" అంది.

"షహీనా? ఇదేంటి, ఈ నంబరుకు చేశావు? ఎక్కడున్నావు?"

"రొద్దం పక్క, మా ఊర్లో ఉండా. ఇది రికార్డు అవుతాదని తెలుసు, తెలిసే చెప్తాండా. మొన్న శుక్రవారం అందరమూ ఇని నగితిమే, ఆ హుస్సేన్ మా నాయన. డబ్బాకు రంగు కొట్టింది ఆయప్ప కాదు, నేను. వద్దన్నా ఇనకుండా కొట్టినా. మా ఇళ్ళల్లో అట్లాంటివి లేవంటిని గదా, ఉండాయి. అందరితో పాటు నేనూ నగినా. ఇప్పుడు నంబరు చెప్తా, రాసుకో."

 చౌడక్క చేతిలో తక్కెడ అట్లాగే ఆగిపోయింది. షహీన్ అరచెయ్యి చూసి ఒక్కొక్క అంకే చదివింది. దీపక్ మెల్లగా తిరిగి చెప్పించుకున్నాడు. రేపు పొద్దున్నే పెనుకొండ నుంచి మెకానిక్కు వస్తాడన్నాడు. "షహీన్, నాకు తెలీదు..." అని ఇంకేదో మొదలుపెట్టాడు గానీ ఆమె ఫోన్ పెట్టేసింది.

తల ఎత్తడానికి ధైర్యం చాల్లేదు. నాయన కాళ్ళే కనిపిస్తున్నాయి. తిడతాడనుకుంది. నాలుగు తగిలించినా బాగుండుననిపించింది.

"నంబరు సరిగ్గా చెప్పినావా పాపా?" అన్నాడు నాయన.

"ఆఁ నాయనా."

"పా మరి. మేత వేసే యాళయింది."

చౌడక్క ఇచ్చిన ఆకు మూట భుజాన వేసుకుని ఆయన ముందు నడిచాడు. షహీన్ వెనక నడిచింది. దారి పొడుగునా ఆయన వెనక్కి తిరిగి చూడలేదు. ఇంటి మలుపు దగ్గరికి వచ్చాక మాత్రం మూట భుజం మార్చుకుంటూ ఆగాడు.

"రేపు ఆఫీసుకు పోతావా?"

"పోతా నాయనా."

ఆయన ఏదో ఆలోచించాడు. ముఖంలో కోపం లేదు, దిగులు ఉంది.

"నిన్ను నగుతారేమో పాపా" అన్నాడు.