దమయంతి చెప్పిన సినిమాలు

తప్పులు పట్టడం వసుంధర ఉద్యోగం. డబ్లిన్‌లో ఒక ఇన్సూరెన్స్ కంపెనీకి సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తుంది. చుక్క ఒకటి అటూ ఇటూ అయినా ఆమె కంట పడకుండా పోదని ఆఫీసులో పేరు. అలాంటి మనిషి ముప్పై అయిదేళ్లు ఒక పెద్ద తప్పును భద్రంగా దాచుకుని తిరిగి, ఆ ఊరి శివారు క్లోనీలో ఒక ఆదివారం మధ్యాహ్నం, సొంత సోఫాలో కూర్చుని కనిపెట్టింది.

దీనికి మూలం పక్కింటి ఖైరున్నీసా. ఆమెది తమిళనాడులోని ఆంబూరు. కావలి కుర్రాణ్ణి చేసుకుని తెలుగు నేర్చుకుంది. పాత తమిళ సినిమా అంటే చాలు, పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా కదలదు. ఆ వేసవిలో ఇద్దరూ ఒక ఒప్పందానికొచ్చారు. ఎవరికి ఇష్టమైన పాత సినిమాలు వాళ్లు చెప్పాలి, వారానికొకటి కలిసి మళ్లీ చూడాలి. ఖైరున్నీసా పేర్లు, సంవత్సరాలు, పాటలు కట్టిన వాళ్లతో సహా గడగడా అప్పజెప్పింది. వసుంధరకు ఒక్క పేరూ తెలియదు. కాగితం మీద 'ఉప్పు కయ్యల సినిమా', 'రెండిళ్ల మధ్య గోడ సినిమా', 'స్టేషన్లో పూలమ్మే అమ్మ సినిమా' అని రాసిచ్చింది.

"ఇవేం పేర్లు? వీటిని పెట్టుకుని నేనెక్కడని వెతకను?" అంది ఖైరున్నీసా. కానీ పట్టుదల గల మనిషి. కథ అడిగి, కాలం అడిగి, ఫోన్లో ఆంబూరులోని పిన్నమ్మను కూడా అడిగి ఒక్కొక్కటే పట్టుకుంది.

మొదటి ఆదివారమే తేడా వచ్చింది. ఉప్పు కయ్యల సినిమా మొదలవకముందే వసుంధర ఉత్సాహం ఆపుకోలేక, "చివర్లో తమ్ముడు ఓడెక్కి రంగూన్ పోతాడు చూడు, ఎంత బాగుంటుందో" అంది. ఖైరున్నీసా నోరు వెళ్లబెట్టింది. "రంగూనా? వాణ్ణి ఉరి తీస్తారు కదా!" సరిగ్గా ఆ చివర్లో బొమ్మ ఆగిపోయింది, పాత ప్రింటు. నువ్వే వేరే సినిమా అనుకుంటున్నావంది వసుంధర. రెండో వారం గోడ సినిమా. విడిపోయిన అన్నదమ్ములు వసుంధర లెక్కన కలిసిపోవాలి. తెర మీద కలవలేదు. "నువ్వు చూసింది ఏ సినిమా తల్లీ?" అంది ఖైరున్నీసా నవ్వుతూ. వసుంధరకు నవ్వు రాలేదు.

చూసిందా? నిజం చెప్పాలంటే ఆమె ఆ సినిమాలు చూసిన దాని కంటే విన్నదే ఎక్కువ.

నాయుడుపేటలో వాళ్ల మిద్దె మీద ఇనప గొట్టానికి కట్టిన యాంటెన్నా ఉండేది. దాన్ని దక్షిణానికి తిప్పితే మద్రాసు దూరదర్శన్ వచ్చేది. వచ్చేదంటే, బొమ్మ మీద బియ్యప్పిండి చల్లినట్టు వచ్చేది. ఆదివారం సాయంత్రం తమిళ సినిమా. వీధిలో ఆడవాళ్లంతా పనులు తెముల్చుకుని ముందుగదిలో చేరేవాళ్లు. వాళ్లందరికీ తమిళం అంతంత మాత్రం. మేనత్త ఇంట్లో ఉండి మద్రాసు పెరంబూరులో మూడేళ్లు చదివొచ్చిన అక్క దమయంతికి మాత్రం బాగా వచ్చు. టీవీ సౌండు తగ్గించేసేవాళ్లు. దమయంతి గోడకు ఆనుకుని కూర్చుని, అక్కడ పెదాలు కదులుతుంటే ఇక్కడ తెలుగులో కథ చెప్పుకుంటూ పోయేది. షరతు ఒకటే. వినేవాళ్లు ఊఁ కొట్టాలి. ఊఁ ఆగితే కథ ఆగుతుంది. ఆ ఊఁ కొట్టే కొలువు ఏడేళ్ల వసుంధరది. తల అక్క ఒళ్లో, కళ్లు తెర మీద, చెవులు మాత్రం అక్క గొంతు మీద.

అందుకే ఆ సినిమాల్లో ఎవరి గొంతూ ఆమెకు తెలియదు. నాయకుడు, నాయిక, దొంగ, పోలీసు, ముసలి జమీందారు, అందరూ దమయంతి గొంతుతోనే మాట్లాడేవాళ్లు. ఖైరున్నీసాతో సినిమాలు చూద్దామని ఒప్పుకున్నప్పుడు వసుంధరకు కావలసింది సినిమాలు కానే కాదు. ఆ గొంతు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, తనకు తాను కూడా చెప్పుకోలేదు. అక్క గొంతు విని మూడేళ్లయింది.

మూడేళ్ల కిందట వాళ్లమ్మ నెల్లూరులో దమయంతి ఇంట్లో మంచాన పడింది. వసుంధర రోజూ ఫోన్ చేసేది. రోజూ ఒకటే జవాబు. "బాగుండాది మే. పొద్దన రెండిడ్లీలు తినింది. నిన్నే అడగతా ఉండాది. తొందరేం లేదు, మైథిలి పరీక్షలైనాక రా." వసుంధర కూతురి పరీక్షలు చూసుకుంది. టికెట్ బుక్ చేసుకుంది. ఆమె విమానం ఎక్కాల్సిన రోజుకు నాలుగు రోజుల ముందే అమ్మ పోయింది. చివరి పదిరోజులూ ఆమె గొంతులో నీళ్లు తప్ప ఏమీ దిగలేదని ఆ రోజుల్లో సాయం వచ్చి దగ్గరుండి చూసిన నాయుడుపేట పక్కింటి మంగతాయారు పెద్దకర్మ రోజు చెప్పింది. ఇడ్లీలు లేవు, ఏమీ లేవు. వసుంధర అందరి ముందూ అక్క మీద విరుచుకుపడింది. "నీ నోటి నుంచి ఇంకో కథ వినను. చచ్చినా వినను" అంది. దమయంతి చేతిలో ఉన్న విస్తరాకులు కింద పెట్టి లోపలికి పోయింది. అంతే, అప్పటి నుంచి అక్కాచెల్లెళ్ల మధ్య కబుర్లు వసుంధర భర్త త్రినాథ్ ద్వారానే. మాట జారితే తీసుకోలేమంటారు. తీసుకోవడానికి వసుంధరకు మనసొప్పనూ లేదు.

మూడో ఆదివారం ఖైరున్నీసా కొడుక్కి జలుబని రాలేదు. లింకు మాత్రం పంపింది. త్రినాథ్ ఊరి బయట డేటా సెంటర్లో డ్యూటీకి పోయాడు. కిటికీలోంచి ఆ పొడవాటి తెల్లటి షెడ్లు కనిపిస్తూనే ఉంటాయి. లోకంలోని సినిమాలన్నీ తన కాపలాలోనే ఉన్నాయని అతని గొప్ప. మైథిలి మేడ మీద చదువుకుంటోంది. వసుంధర ఒంటరిగా పూలమ్మే అమ్మ సినిమా పెట్టుకుంది.

కథ ఆమెకు కంఠతా వచ్చు. స్టేషన్లో పూలమ్మే తల్లి. చిన్నకూతురు పాట బాగా పాడుతుందని నాటకాల కంపెనీ వాళ్లు తీసుకుపోతారు. పిల్ల పెద్దదై పేరు తెచ్చుకుంటుంది. తల్లి ప్రతి రైలుకూ ఎదురుచూస్తుంది. చివరికి కూతురు వచ్చేసరికి తల్లి ఆసుపత్రి మంచం మీద ఉంటుంది. కూతుర్ని చూసి ఏదో అని కళ్లు మూసుకుంటుంది. దమయంతి చెప్పిన మాట వసుంధరకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "నిద్దరొస్తా ఉండాది నాయనా, రేపు పొద్దన్నే లేచి నీకు దోసెలు పోస్తా, అంటా ఉండాది." మరి కూతురెందుకు ఏడుస్తోందక్కా అంటే, "సంతోషం మే, దోసెలంటే ఇష్టం గదా" అనేది. పక్కన మంగతాయారు పైటతో ముక్కు తుడుచుకునేది. ఆమెకెప్పుడూ జలుబే అనుకునేది చిన్న వసుంధర.

తెర మీద తల్లి కళ్లు తెరిచింది. పెదాలు కదిలాయి. కింద తెల్లటి ఇంగ్లీషు అక్షరాలు వచ్చాయి. నువ్వెవరమ్మా, నా బిడ్డ వచ్చే రైలు ఇంకా రాలేదా, అంటోంది తల్లి. కన్నకూతుర్నే గుర్తుపట్టలేదు. తల పక్కకు వాలిపోయింది.

వసుంధర వెనక్కి తిప్పి మళ్లీ చూసింది. మూడోసారీ చూసింది. నిద్ర లేదు, దోసెలు లేవు. రంగూన్ ఓడా లేదు. అన్నదమ్ములు కలవనూ లేదు. ఆ గదిలో కూర్చున్న ఆడవాళ్లందరికీ ఆ చావు తెలుసు, తెలిసీ ఒక్కరూ నోరు మెదపలేదు. తెలియనిది ఊఁ కొట్టిన పిల్లొక్కదానికే. రెండిడ్లీలు తినింది మే అన్న గొంతూ, దోసెలు పోస్తానంటోంది అన్న గొంతూ ఒకటేనని ఇన్నాళ్లకు తెలిసింది. ఇన్ని తప్పులు పట్టే మనిషికి ఇది ఎందుకు కనబడలేదో!

మైథిలి నీళ్లకోసం కిందికొచ్చి అమ్మ మొహం చూసి ఆగిపోయింది. "మామ్, ఆర్ యూ గ్రాండ్?" బాగున్నావా అనడానికి అక్కడి పిల్లల మాట అది.

"గ్రాండే నాన్నా. నువ్వు పో, చదువుకో."

అక్కడ నెల్లూరులో సాయంత్రం అయిదున్నర. వసుంధర బొమ్మను ఆసుపత్రి మంచం దగ్గర ఆపి, టీవీ సౌండు పూర్తిగా తగ్గించింది. వీడియో కాల్ చేసి ఫోన్‌ను టీవీ వైపు తిప్పింది. రెండు రింగులకే ఎత్తారు.

"చిన్నమ్మీ?" అంది దమయంతి. గొంతు కొంచెం బరువెక్కింది కానీ అదే గొంతు. వసుంధరకు ఒళ్లంతా చెవులయ్యాయి. క్షమించమని అడగాలనుకుంది.

"సినిమా పెట్టినానక్కా. సౌండు తగ్గించేసినా. చెప్పు."

అటువైపు కుక్కర్ కూసింది. ఎవరో దాన్ని దించారు. తర్వాత, "పూలమ్మి సినిమా కదా" అంది దమయంతి మెల్లగా. "యాడ దొరికింది నీకు? సరే. ఆసుపత్రిలో పణుకోనుండాది. కూతురొచ్చింది. ఈమె కళ్లు తెరిచి, నిద్దరొస్తా ఉండాది నాయనా, రేపు పొద్దన్నే లేచి..." ఆగిపోయింది. "ఊఁ కొట్టవేందే?"

"అది కాదు గదక్కా."

"ఎవురు చెప్పినారు?"

"కింద ఇంగ్లీషులో వేస్తా ఉండారు."

"పాడు ఇంగ్లీషు" అంది దమయంతి. ఇద్దరికీ నవ్వొచ్చింది, ఆ నవ్వు సగంలోనే తడిసిపోయింది. "ఏం చేసేది మే? అంతకు ముందు వారం సినిమాలో గుడ్డోడు బాయిలో పడి సచ్చిపోతే ఉన్నదున్నట్టు చెప్పినా. మూడు దినాలు జరం వచ్చింది నీకు. అమ్మ నా నెత్తిన ఒకటి మొట్టి, చిన్నదానికి ఏడుపు కథలు చెప్పమాక అనింది. అది మొదులు... అమ్మ మంచాన పడినప్పుడు నిజం చెప్పమాక అని ఎవురూ అన్లా. నోటికి అదే అలవాటైపోయింది."

వసుంధర ఫోన్ చెవికి ఆనించుకుంది. తెర మీద బొమ్మ అక్కడే ఆగి ఉంది.

"అమ్మ కథ చెప్పక్కా. ఉన్నదున్నట్టు చెప్పు."

దమయంతి చెప్పింది. ఇడ్లీలు అబద్ధమంది. నిన్నే అడగతా ఉండాదన్నదీ అబద్ధమంది. చివరి పదిదినాలు అమ్మకు మనుషులు తెలియలేదంది. "నన్నే, ఎవురమ్మా నువ్వు అని అడిగింది మే. నువ్వొచ్చినా గుర్తుపట్టేది కాదు. ఆ బాధ నీకొద్దని..."

ఎవరమ్మా నువ్వు. వసుంధర తలెత్తి తెర వైపు చూసింది. ఆ మాట అమ్మదో, ఆ పూలమ్మిదో. ఇది నిజమో, నువ్వొచ్చినా ఏమీ మారేది కాదని చెల్లెల్ని ఓదార్చడానికి అక్క ఇప్పటికిప్పుడు అల్లిన ఇంకో కథో. తేల్చాలంటే తేల్చవచ్చు. మంగతాయారు నంబరు ఉండనే ఉంది, ఒక్క ఫోన్ చాలు.

అటువైపు దమయంతి ఆగిపోయి ఉంది. ఎదురుచూస్తోంది.

వసుంధర సోఫాలో ఒరిగి, ఫోన్ పక్కన తల పెట్టుకుంది.

"ఊఁ" అంది.