అంగారకుడి పిల్లకు నేనిచ్చిన నీళ్ళు

ఇలా జరుగు తల్లీ, ఆ దిండు నడుముకు పెట్టుకో. నీ పుస్తకం అట్ట మీద అంగారకుడి మనిషి బొమ్మ చూసేసరికి నాకు కోపమొచ్చింది. ఎందుకో చెబుతాను.

నేను ప్రెస్సులో ఫారాలు, అంటే అచ్చయిన పెద్ద కాగితాలు, పుస్తకం పేజీలుగా మడిచేదాన్ని. మా అక్క మొగుడు గ్రహాల మీద కథలు రాసేవాడు. చుక్కల బావ అనేవాళ్ళం. నాది నాలుగో క్లాసు చదువు, కూడబలుక్కుని చదువుతాను. మిగతా రచయితలు రాసినవన్నీ బావే చెప్పేవాడు. ఒకరి కథలో అంగారకుడి వాళ్ళు కాలువలు తవ్వుతారు, ఇంకొకరి కథలో ఎనిమిది చేతులతో దిగి మన ఊళ్ళు తగలబెడతారు.

"నీళ్ళు లేక ఎండిపోయినవాళ్ళకి తగలబెట్టే ఓపికెక్కడిది బావా? చంకలో పిల్లతో వచ్చి గుక్కెడు నీళ్ళడుగుతారు" అన్నాను.

"ఓసి నీ బుర్ర బంగారం కానూ! తర్వాత?"

తర్వాత, తర్వాత అంటూ నెల రోజులు చెప్పించుకున్నాడు. ఒక ఇల్లాలు తలుపు తీసింది, నీళ్ళిచ్చింది, పిల్ల తాగి నవ్వింది. ఆ ఇల్లాలు నేనేనని వేరే చెప్పాలా?

"ఇదే రాస్తాను, ఒక్క మాట మార్చను మరదలా, ఒట్టు" అని నా నెత్తిన చెయ్యి వేశాడు.

కథ మా ప్రెస్సుకే వచ్చింది. పదహారు పేజీలు, ఒకే ఫారం. మడవక ముందు అందులో ఒకటో పేజీ పక్కనే పదహారో పేజీ ఉంటుంది. అందుకే లోకం చివర చదివేది నేను ముందే చదివాను, వేలు పెట్టి, అక్షరం అక్షరం. ఇల్లాలు నీళ్ళలో విషం కలిపింది. తల్లీ పిల్లా గడపలోనే పడిపోయారు. ఊరంతా చప్పట్లు.

ఆ సాయంత్రమే అక్క ఇంటికి పోయాను.

"పేరు వేయలేదని అలిగావా?" అన్నాడు బావ.

"పేరు నువ్వే ఉంచుకో. నా చేత్తో పసిదానికి విషం పోయిస్తావా?"

"పిచ్చిమొహమా, జనానికి మనం గెలవాలి! అవతలివాళ్ళు రాక్షసులు కాకపోతే ఎవరు కొంటారు?"

అక్క వైపు చూశాను. ఆ నెల రోజులూ నా పక్కన కూర్చుని విన్నదే.

"కథే కదే, నిజంగా చచ్చారా ఏమిటి?" అంది, బట్టలు ఆరేసుకుంటూ.

మర్నాడు రెండు వేల ఫారాలు నా బల్ల మీదకే వచ్చాయి. కాదంటే పని పోతుంది. మడిచాను. ఒక్క మడతా వంకర పోలేదు. విషం ఆయన కలిపితే, ఇంటింటికీ పంపింది ఈ చేతులే.

ఆ తర్వాత ఆయన ఎన్నిసార్లు అడిగినా ఒక్క కథా చెప్పలేదు. నీకే చెబుతున్నాను. ఆ పిల్ల తాగి నవ్విందని గుర్తుపెట్టుకుని, రేపు నీ పిల్లలకు అలాగే చెప్పు. ఎవరైనా ఆ పుస్తకం తెచ్చి చూపిస్తే, ఆ చివరి పేజీ మా అమ్మమ్మది కాదని చెప్పు.