సన్మాయ నీడ

ఎండ పడగానే ఐతమాయ మేకల్ని తోలేసి వాకిలి ఊడుస్తుంది. కూతురు సన్మాయ నీడ ఉన్నచోటు మాత్రం వదిలేస్తుంది. ఒకసారి చూసుకోక చీపురు తగిలించి, నాలుక కరుచుకుని, సాయంత్రం దాకా బాధపడింది.

మా కొండమీద ఇలాంటి నీడలు ఏడెనిమిది ఇళ్ళలో ఉన్నాయి. ఖాట్మండూలో విమానం ఎక్కినవాళ్ళ నీడ వాళ్ళతోనే పోతుంది, పాస్‌పోర్టులో ముద్ర పడుతుంది కాబట్టి. ఇళ్ళలో పనికి ఆడవాళ్ళు గల్ఫ్ పోకూడదని, అంతా వాళ్ళ క్షేమం కోసమేనని సర్కారు ఆ దారి మూసేసింది. మూస్తే ఆకలి ఆగుతుందా? ఆడపిల్లలు దొంగదారిన ఢిల్లీ వెళ్ళి కువైట్ చేరారు. ముద్రలేని నీడలు వాకిళ్ళలోనే ఉండిపోయాయి.

అక్కడ సన్మాయ ఏం చేస్తే ఇక్కడ నీడ అదే చేస్తుంది. గచ్చు తోముతుంది, ఇస్త్రీ చేస్తుంది. మబ్బుపట్టిన వానాకాలమంతా నీడ కనబడక, కబురు లేక ఐతమాయ అన్నం సరిగా తినలేదు. వానలు వెనకబట్టి ఎండ వచ్చిన రోజు చూస్తే, నీడ మూలకి ముడుచుకుని రెండు చేతులూ తలకి అడ్డం పెట్టుకుంది.

ఐతమాయ రెండు బస్సులు మారి జిల్లా కచేరీకి పోయింది. గుమాస్తా పుస్తకాలన్నీ తిరగేశాడు, మంచివాడే, టీ కూడా తెప్పించాడు.

"మీ అమ్మాయి దేశం దాటినట్టు ఇందులో లేదమ్మా."

"నీడ ఇంట్లోనే ఉంది సార్. రోజూ దెబ్బలు తింటోంది."

"మరింకేం? నీడ ఇక్కడుంటే లెక్కప్రకారం మనిషీ ఇక్కడే. ఉన్న మనిషిని ఎక్కణ్ణుంచి తెప్పించను? మీ పిల్లల క్షేమం కోసమేగా వద్దన్నది."

"వద్దనకుండా ఉంటే దాని పేరు మీ పుస్తకంలో ఉండేది సార్," అని లేచి వచ్చేసింది.

మర్నాడు నీడ మళ్ళీ ముడుచుకుంది. ఐతమాయ చూడలేక దానిమీద బోర్లా పడుకుంది. దెబ్బ వచ్చి తన వీపున పడింది. వాత తేలింది. ఇన్నాళ్ళకి కన్నందుకు పనికొచ్చానని ఏడ్చింది.

అప్పట్నుంచి ఎండ వస్తే చాలు నీడమీదే. మేకల్ని పొరుగింటి మైలీ తోలుతోంది, ఊరంతా అక్క వరసలో దిదీ అంటారు ఆవిడని. ఓ రోజు ఐతమాయ మణికట్టు మీద ఇస్త్రీపెట్టె మొన అచ్చుగుద్దినట్టు కాలింది. మైలీ ఆకుపసరు రాస్తూ, "చచ్చిపోతావే మొండిదానా," అని తిట్టింది.

"నేను లేస్తే దెబ్బలు అది తింటుంది దిదీ."

చలికాలం మొదట్లో ఓ పొద్దున నీడ వాకిలంతా పరిగెత్తింది. ఐతమాయ మోకాళ్ళమీద పాకుతూ వెంటపడింది. నీడ ఒకచోట ఆగి, దేన్నో ఎక్కి, చేతులు చాచి దూకింది. ఐతమాయ ఒళ్ళంతా పరిచి దాన్ని కప్పేసింది. ఎముకలు విరిగిన చప్పుడు మైలీ వాళ్ళ జొన్నచేను దాకా వినిపించింది.

మైలీ వీపుమీది బుట్టలో మోసుకుని ఆరోగ్యకేంద్రానికి చేర్చేసరికి మధ్యాహ్నం దాటింది, చేరిన కాసేపటికే ప్రాణం పోయింది. కాంపౌండరు ఒళ్ళు తడిమి ఏ చెట్టుమీంచి పడిందని అడిగాడు. తను పనిచేసే ఇల్లు ఎక్కడో సన్మాయ మొదట్లో ఫోన్లో చెప్పింది గుర్తొచ్చి, నాలుగో అంతస్తు నుంచని మైలీ చెప్పింది. మా కొండమీద రెండంతస్తులు దాటిన ఇల్లు లేదు. అయినా అతను అలాగే రాసుకున్నాడు.

అంతలో మైలీ ఫోను మోగింది.

"దిదీ, నేను సన్మాయని. కిటికీలోంచి దూకేశాను. ఒంటిమీద గీత కూడా పడలేదు, నమ్ముతావా? దారిన పోయేవాళ్ళు మన రాయబారి ఆఫీసులో దింపారు. కానీ నేను దేశం దాటినట్టు కాగితం లేదంటున్నారు. నా కూతురేనని అమ్మ వేలిముద్ర వేసి పంపితే ఇంటికి పంపిస్తారట. అమ్మ మేకల దగ్గరుందా? ఒక్కసారి పిలవవూ."

"పడుకుందే," అంది మైలీ. "కాగితం నేను పంపిస్తాలే. నువ్వు జాగ్రత్తగా వచ్చెయ్."

ఫోను పెట్టేసి కాంపౌండరు వైపు తిరిగి సిరా పెట్టె అడిగింది. అతను మూత తీసి, ఒక తెల్లకాగితం చింపి ఇచ్చాడు. మైలీ ఐతమాయ బొటనవేలు పట్టుకుంది. వేలు ఇంకా వెచ్చగానే ఉంది.