చెయ్యి నొక్కితే చాలు

సంఘంలో ఆమెను అందరూ క్లాసమ్మ అంటారు. కొత్తగా చేరేవాళ్ళకు బాప్తిస్మానికి ముందు మన విశ్వాసం ఏమిటో నేర్పేది ఆమే. దేవుడు ఒక్కడే, తండ్రిగా కుమారుడిగా పరిశుద్ధాత్మగా ఉన్నాడు. మనుషులంతా పాపులే. క్రీస్తు మన బదులు చనిపోయి తిరిగి లేచాడు. రక్షణ మంచి పనుల వల్ల రాదు, కృప వల్ల వస్తుంది, అదీ ఎవరికి వారు నమ్మితేనే. నమ్మినవాళ్ళకు నిత్యజీవం, నమ్మనివాళ్ళకు నిత్యశిక్ష. కుట్టుమిషను తొక్కుతూ కూడా ఇవన్నీ పొల్లు పోకుండా చెప్పగలదు.

ఆ క్లాసులో ఏనాడూ కూర్చోనివాడు ఆమె మొగుడొక్కడే. ఆయన లేతు మిషను మీద ఇనప సామాన్లు కోసే మేస్త్రీ. ప్రతి ఆదివారం స్కూటరు మీద ఆమెను గుడి గేటు దాకా తీసుకొచ్చి, ఎదురుగా టీకొట్లో పేపరు చదువుకుంటూ కూర్చునేవాడు. గుడి గేటు బందులు ఊడితే బిగించాడు. జనరేటరు మొరాయిస్తే బాగుచేశాడు. లోపలికి మాత్రం రాడు.

"నా తరపున కూడా నువ్వే దండం పెట్టుకురావే" అనేవాడు.

"తరపున కుదరదండీ. ఎవరి నమ్మకం వాళ్ళదే."

"కరెంటు బిల్లు ఒకళ్ళు కడితే ఇల్లంతా దీపాలు వెలగట్లా?"

ఆ మాటకు ఆమెకు కోపం రావాలి, నవ్వొచ్చేది. పెళ్ళైన కొత్తల్లో బతిమాలింది, ఏడ్చింది, అలిగి మాట్లాడటం మానేసింది. ఆయన ఒకసారి గట్టిగా విసుక్కున్నాక ఆ సంగతే ఎత్తలేదు. ఇంకా బోలెడు టైముందిలే అనుకుంది.

అలాంటి మనిషి పని చేస్తూ చేస్తూనే లేతు మిషను పక్కన కూలబడ్డాడు. ఆస్పత్రికి చేర్చేసరికి కుడివైపంతా చచ్చుబడింది, మాట పడిపోయింది. ఎడమ చెయ్యి ఒక్కటే కాస్త ఆడుతోంది. కబురంది పరుగెత్తుకొచ్చిన వాళ్ళ కూతుర్ని డాక్టరు పక్కకు పిలిచి, "మెదడులో రక్తం ఇంకా కారుతోందమ్మా. చూడాల్సినవాళ్ళని పిలిపించుకోండి" అన్నాడు. కూతురు చెప్పకముందే ఆ మొహం చూసి క్లాసమ్మకు అర్థమైపోయింది. ఏడుపు రాలేదు. ఫోను తీసి పాస్టరుగారికి చేసింది.

"ఉన్నపళంగా రండి. ఆయనకి బాప్తిస్మం ఇవ్వాలి."

పాస్టరుగారు ఆమెకంటే చాలా చిన్నవాడు. కుర్రతనంలో ఆమె క్లాసులో కూర్చుని నేర్చుకున్నవాడే. వస్తూనే వరండాలో ఆమె పక్కన కూర్చున్నాడు.

"అక్కా, అన్న నమ్మాడా?"

"నమ్ముతాడు. ముందు నీళ్ళు పొయ్యండి."

"నీళ్ళు రక్షించవని నాకు నేర్పింది మీరే కదక్కా."

"నేర్పాను! ఇప్పుడు నేనే అడుగుతున్నాను, పొయ్యండి!" ఆమె గొంతు వరండా అంతా మోగింది. బెంచీల మీద వాళ్ళు తలలు తిప్పి చూశారు. "పోనీ దేవుణ్ణి నా రక్షణ ఆయనకిచ్చెయ్యమనండి. నేను పోతాను ఆ అగ్నిలోకి. ఆయన ఎవరికేం చెడు చేశాడని?"

"అలా మార్చుకోవడానికి లేదక్కా."

"ఎందుకు లేదు? క్రీస్తు మన బదులు చావలేదా? ఆ 'బదులు' అన్న మాట మనదే కదా పాస్టరుగారూ!"

పాస్టరుగారు లేచి, "పదండి, అన్నతో మాట్లాడదాం" అన్నాడు.

మంచం పక్కన వంగి, పసిపిల్లాడికి చెప్పినట్టు చెప్పాడు. దేవుడు నిన్ను ప్రేమించాడన్నా, నీ పాపం కోసం ఆయన కుమారుడు చనిపోయాడు, లేచాడు, నమ్మితే చాలు. మేస్త్రీ కళ్ళు సగం తెరుచుకుని పైకప్పు కేసి చూస్తున్నాయి. ఆయన ఎడమ చెయ్యి క్లాసమ్మ చేతిలో ఉంది.

"నమ్ముతున్నావా అన్నా? నమ్మితే అక్క చెయ్యి నొక్కు, చాలు."

వేళ్ళు బిగుసుకున్నాయి.

"నొక్కాడు!" అని కేక పెట్టింది. "ప్రభువా, నొక్కాడు!" "నమ్మాడు, చాలక్కా. ఇక నీళ్ళతో పని లేదు" అని పాస్టరుగారు కళ్ళు తుడుచుకున్నాడు. ఆమె మందులిచ్చే నర్సుకి చెప్పింది, పక్క మంచం రోగి తమ్ముడికి చెప్పింది, నేల తుడిచే ఆమెను ఆపి మరీ చెప్పింది. గుండెల మీంచి బండ దిగినట్టయింది.

పాస్టరుగారు వెళ్ళాక మళ్ళీ వచ్చి ఆ చెయ్యి పట్టుకుంది.

"ఏమండీ, నేనెవరో తెలుస్తోందా?"

నొక్కాడు.

"మనమ్మాయి వచ్చింది, తెలుసా?"

నొక్కాడు. అక్కడితో ఊరుకోవాల్సింది. ఊరుకోలేకపోయింది.

"ఆకాశం ఎర్రగా ఉంది కదూ?"

నొక్కాడు.

ఆమె ఇంకా దగ్గరికి వంగింది. "మనకి ఇద్దరు కొడుకులు కదూ?" అంది. వాళ్ళకున్నది ఒక్క కూతురే. అయినా వేళ్ళు అలాగే, అంతే ఒద్దికగా బిగుసుకున్నాయి. ఈసారి ఏమీ అడక్కుండా ఊరికే కూర్చుంది. కాసేపాగి మళ్ళీ నొక్కాడు.

కాళ్ళ దగ్గర నిలబడి కూతురు ఇదంతా చూస్తోంది. పెళ్ళైన దగ్గర్నుంచీ ఆ పిల్ల గుడి గడప తొక్కలేదు.

"ఏంటమ్మా ఇది? నాన్నకి పరీక్ష పెడుతున్నావా?"

"తెలుసుకోవాలే."

"తెలుసుకుని ఏం చేస్తావు? నీ చెయ్యి కాబట్టి నొక్కుతున్నాడు. నేను పట్టుకుంటే నొక్కట్లేదు. అంతకంటే ఏం కావాలమ్మా నీకు?"

"నాకు చాలే. ఆయనకి చాలదు!"

అప్పట్నుంచి ఆయన చెవి దగ్గరే కూర్చుని తన క్లాసంతా మొదట్నుంచీ చెప్పింది. గొంతు జీరబోయినా ఆపలేదు. మంచినీళ్ళు తాగమని కూతురు గ్లాసు అందిస్తే పక్కకు నెట్టేసింది. ఇన్నేళ్ళూ మింగేసిన మాటలన్నీ ఒక్కపూటలో పోసెయ్యాలని చూసింది. మర్నాడు పొద్దున్న కూతురు తడిగుడ్డతో మొహం తుడుస్తుంటే, తల్లి ఇంకా మాట్లాడుతూ ఉండగానే, ఆయన ఊపిరి ఆగిపోయింది. ఆగిపోయిందని కూతురు రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

సమాధుల తోటకు సంఘమంతా వచ్చింది. ఆయన చెయ్యి నొక్కిన కబురు అప్పటికే అందరికీ తెలుసు. ఆడవాళ్ళు ఆమెను కావలించుకుని, "అదృష్టవంతురాలివి, చివర్లోనైనా ప్రభువుకి దక్కాడు" అన్నారు. పెట్టె దించబోయే ముందు పాస్టరుగారు, "అక్కా, సాక్ష్యం చెప్తారా?" అని అడిగాడు.

ఆమె ముందుకొచ్చింది. "పాస్టరుగారు అడిగినప్పుడు నా చెయ్యి నొక్కాడు" అంది.

"హల్లెలూయ" అన్నారు అందరూ.

అక్కడ ఆపేస్తే సరిపోయేది. ఆపేద్దామనే అనుకుంది.

"ఆకాశం ఎర్రగా ఉందా అన్నా నొక్కాడు. లేని కొడుకులు ఉన్నారా అన్నా నొక్కాడు. ఆయన నమ్మాడో లేదో నాకు తెలీదు. మీరెవరూ నమ్మాడని చెప్పకండి."

పాస్టరుగారు పుస్తకం తెరిచి, మళ్ళీ మూసి, నిదానంగా అన్నాడు. "మనకి తెలీదు. తీర్పు మన చేతుల్లో లేదు. ఎవరి చేతుల్లో ఉందో ఆయన అన్యాయం చెయ్యడు, ఆయన దయగలవాడు. నాకు తెలిసింది అంతవరకే."

క్లాసమ్మ తలూపింది. మొగుణ్ణో బిడ్డనో పోగొట్టుకుని క్లాసుకొచ్చినవాళ్ళకు తనూ ఈ మాటే చెప్పేది. అది అబద్ధం కాదు. కానీ దాని మీద తల ఆనించి పడుకోవడం ఎంత కష్టమో అప్పుడు తెలియలేదు.

ఇంటికొచ్చాక కూతురు అడిగింది. "ఎందుకమ్మా చెప్పావు? ఆ ఒక్క మాటా మింగేస్తే ఎవరికి నష్టం?"

"దేవుడి ముందు ఆయన గురించి దొంగసాక్ష్యం చెప్పమంటావా?"

ఆ సాయంత్రం అలవాటుగా మంచం పక్కన మోకాళ్ళూనింది. "ప్రభువా, ఆయన మనసు మార్చు" అని నోటంట వచ్చేసింది. పెళ్ళైనప్పటినుంచి రోజూ చేసిన ప్రార్థన అది. సగంలో నాలుక మడతపడిపోయింది. పోయినవాళ్ళ కోసం ప్రార్థన చెయ్యకూడదు. అదీ తను నేర్పిందే.

"ఇప్పుడు ఆయన కోసం ఏమని అడగాలే?" అంది కూతురితో, వెనక్కి తిరగకుండానే.

"నాకేం తెలుసమ్మా."

క్లాసమ్మ మొహం పరుపులో దాచుకుని, అడగకూడనిదే అడిగింది. గట్టిగా, మొండిగా, ఆయన్ని వదలొద్దని, ఎలాగోలా వదలొద్దని. కూతురు తనూ ప్రార్థన చెయ్యలేదు, తల్లిని వద్దనీ అనలేదు. గోడకి జారగిలబడి, ఆ ఏడుపు సన్నగిల్లేదాకా అక్కడే కూర్చుంది.